‘రక్తంలోనే ఉంది’ అనేముందు: హింస మధ్య పెరిగిన పిల్లల మనసు, జన్యువుల లెక్క

ఇంట్లో కొట్లాటలు చూస్తూ పెరిగిన పిల్లాడు ఒకరోజు బడిలో తోటివాణ్ణి కొడతాడు. వెంటనే ఎవరో ఒకరు అనేస్తారు: "తండ్రి బుద్ధులు ఎక్కడికి పోతాయి, రక్తంలోనే ఉంది." ఇంకొకరు సర్దిచెబుతారు: "చిన్నవాడు, వాడికేం గుర్తుంటుంది, పెద్దయితే అన్నీ పోతాయి." మొదటి మాట పిల్లాడి నుదుటి మీద రాత రాసేస్తుంది. రెండో మాట వైద్యాన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేయిస్తుంది. రెండింటి వల్లా నష్టపోయేది ఆ పిల్లాడే.

పిల్లల్ని పెంచుతున్నవాళ్ళు, టీచర్లు, కౌన్సెలర్లు ఈ ప్రశ్నను ఏ వరసలో పట్టుకోవాలో కింద రాస్తున్నాం. జన్యువులకు ఈ వరసలో ఒక చోటుంది. అయితే అది మొదటి చోటు కాదు. పైగా మీకు నిజంగా అక్కరకొచ్చే జన్యు సమాచారం లాలాజల పరీక్షలో దొరకదు. ఒక తెల్లకాగితం, పెన్సిలు, అరగంట ఓపిక ఉంటే చేతికొస్తుంది.

జన్యువుల గురించి ఇంతవరకు తెలిస్తే చాలు

కవలల మీద జరిగిన అధ్యయనాల్లో డిప్రెషన్‌కు వంశపారంపర్య వాటా సుమారు 37 శాతమని తేలింది. భయంకరమైన సంఘటన తర్వాత మనసును పట్టుకుని వదలని పీటీఎస్‌డీకి 30 నుంచి 40 శాతం దాకా చెబుతారు. ఈ అంకెల్ని చాలామంది తప్పుగా చదువుతారు. "మా పాప బాధలో 37 పాళ్ళు జన్యువులది, మిగతాది ఇంటిది" అని దీని అర్థం కాదు. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందో ఆ అంకె చెబుతుంది, అంతే. ఒక్క బిడ్డను చూపించి ఈ అంకెను అంటగట్టడం కుదరదు. ఇళ్ళన్నీ ఒకేలా ప్రశాంతంగా ఉన్నచోట ఈ శాతం పెరగొచ్చు, ఇంటికీ ఇంటికీ బాగా తేడా ఉన్నచోట తగ్గొచ్చు. జన్యువులు మాత్రం అవే ఉంటాయి.

ఇక "హింస జన్యువు" కథ. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని పరిశోధకులు దశాబ్దాల తరబడి గమనిస్తూ వచ్చారు. వాళ్ళలోని మగపిల్లల మీద 2002లో ఒక ఫలితం వెలువడింది. చిన్నప్పుడు దెబ్బలు, వేధింపులు అనుభవించినవాళ్ళలో ఎంఏఓఏ అనే జన్యువు మందకొడిగా పనిచేసే రకం ఉన్నవారు పెద్దయ్యాక దుడుకు ప్రవర్తనలోకి ఎక్కువగా వెళ్ళారు. దెబ్బలు తినని పిల్లల్లో అదే జన్యువు వల్ల అలాంటి తేడా కనిపించలేదు. పత్రికలు రెండో వాక్యాన్ని వదిలేసి మొదటిదాన్నే పట్టుకున్నాయి. 2009లో ఇటలీలోని ట్రియెస్టె అప్పీలు కోర్టు ఒక హత్య కేసులో ఈ జన్యువును కూడా లెక్కలోకి తీసుకుని శిక్ష ఒక ఏడాది తగ్గించే దాకా వెళ్ళింది. ఐరోపా మూలాలున్న మగవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి ఆ మందకొడి రకమే ఉంటుంది. వాళ్ళలో అత్యధికులు జీవితంలో ఎవరి మీదా చెయ్యి చేసుకోరు. అంత మామూలుగా ఉండే గుర్తును పట్టుకుని ఒక పిల్లాడి భవిష్యత్తు చెప్పబోతే జాతకం చెప్పినట్టే అవుతుంది.

డిప్రెషన్ విషయంలో ఇంకా గట్టి ఎదురుదెబ్బ తగిలింది. మెదడు కణాల మధ్య కబుర్లు మోసే సెరొటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన జన్యువులో పొట్టి రకం ఉన్నవాళ్ళు కష్టాలకు త్వరగా కుంగిపోతారని 2003లో వచ్చిన ఫలితం చాలా పేరు తెచ్చుకుంది. 2019లో ఆ జన్యువుతో కలిపి బాగా పేరున్న 18 జన్యువుల్ని లక్షలమంది సమాచారంతో పోల్చి చూశారు. ఒక్కటీ నిలబడలేదు. ఇప్పుడు స్పష్టంగా తెలిసింది ఏమిటంటే, ఒక్కోటి చిటికెడంత ప్రభావం చూపే వేల చిన్నచిన్న తేడాలు కలిసి పనిచేస్తాయి. పీటీఎస్‌డీ మీద 2024లో వెలువడిన అధ్యయనం 12 లక్షలకు పైగా జనాన్ని పరిశీలించి జన్యుపటంలో 95 చోట్ల సంబంధం చూపింది. పాత జన్యువుల పేర్లతో ఇప్పటికీ పరీక్షలు అమ్మేవాళ్ళున్నారు కాబట్టి ఈ చరిత్ర గుర్తుంచుకోవడం అవసరం.

హింస ఒంట్లోకి ఎలా దిగుతుందో కొంత అర్థమయ్యే చోటు ఒకటుంది. భయం వేసినప్పుడు ఒంట్లో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. పని అయ్యాక ఆ కార్టిసోలే మెదడుకు "ఇక చాలు" అని కబురు పంపి తన ఉత్పత్తిని తానే ఆపించుకుంటుంది. ఎఫ్‌కేబీపీ5 అనే జన్యువు తయారుచేసే ప్రొటీన్ ఆ కబురు సరిగ్గా చేరకుండా అడ్డుపడుతుంది. ఇది ఎక్కువగా పనిచేస్తే భయం త్వరగా చల్లారదు. అమెరికాలోని అట్లాంటాలో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఈ జన్యువులోని కొన్ని రకాలు ఉండి, చిన్నప్పుడు వేధింపులకు గురైనవాళ్ళలో పీటీఎస్‌డీ లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. 2013లో ఇంకో మెట్టు తెలిసింది. అలాంటివాళ్ళలో ఆ జన్యువు మీద ఉండి దాన్ని మూసి ఉంచే మిథైల్ గుర్తులు అనే రసాయన గుర్తులు కొన్ని చెరిగిపోయి, అది ఇంకా సులువుగా తెరుచుకుంటోందట. జన్యువు అక్షరాలు మారవు, వాటిని చదివే తీరు మారుతుంది. ఎపిజెనెటిక్స్ అనేది ఇదే.

ఎపిజెనెటిక్స్ పేరుతో ప్రచారమయ్యేవాటిలో చాలా సంగతులు ఎలుకల నుంచి వచ్చినవి. 2004 నాటి ప్రసిద్ధ ప్రయోగంలో పిల్లల్ని బాగా నాకి సాకే తల్లి ఎలుకల దగ్గర పెరిగిన పిల్లల్లో కార్టిసోల్ కబురందుకునే జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువగా ఉన్నాయి. పట్టించుకోని తల్లికి పుట్టి, పట్టించుకునే తల్లి దగ్గర పెరిగితే గుర్తులు పెంచిన తల్లినిబట్టే వచ్చాయి. మనుషుల్లో ఇంత శుభ్రంగా కనబడదు. మెదడును కోసి చూడలేం కాబట్టి రక్తంలోనో లాలాజలంలోనో చూస్తాం, అక్కడి కణాలు వేరు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1994-95లో పుట్టిన 2,232 మంది కవలల అధ్యయనంలో హింసకు గురైనవాళ్ళ రక్తంలో ఇలాంటి గుర్తుల కోసం విస్తృతంగా వెదికారు. మొదట కనిపించిన తేడాల్లో చాలావరకు పొగతాగడం వల్ల వచ్చినవని తేలింది. కాబట్టి "మీ బిడ్డ డీఎన్‌ఏ మీద గాయాల మచ్చలు చూపిస్తాం" అనే పరీక్షకు ఇప్పటికి విలువ లేదు.

మొదటి పని: హింస ఆగిందో లేదో చూడండి

దెబ్బలు ఇంకా పడుతున్న ఇంట్లో పిల్లాడు రాత్రి నిద్రపోకుండా చెవులు రిక్కించి పడుకుంటే దాన్ని జబ్బనలేం, అది వాడి తెలివి. ఆ పరిస్థితిలో వైద్యం సరిగ్గా పట్టడం కష్టం. జన్యువుల మాట ఎత్తడానికే సమయం కాదు.

పిల్లల్ని పెద్దవాళ్ళ ఎదుట అడగకండి. కొట్టే మనిషి పక్క గదిలో ఉన్నా జవాబు మారిపోతుంది. "నాన్న కొడతాడా?" అని జవాబు నోటికందించే ప్రశ్నలు వద్దు. "ఇంట్లో గొడవ అయినప్పుడు నువ్వెక్కడ ఉంటావు?" అని మొదలుపెట్టి, ఆగి, "తర్వాత ఏమైంది?" అంటూ వాళ్ళ వెనకాలే నడవండి. వాళ్ళు వాడిన మాటల్నే తేదీ, సమయం వేసి రాసుకోండి. "వీపు మీద వైరుతో" అని పిల్ల అంటే "శారీరక హింస" అని మార్చి రాయకండి, రేపు ఆ మాటే సాక్ష్యం. "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకండి, ఎందుకంటే చెప్పాల్సి వస్తుంది. "నువ్వు క్షేమంగా ఉండటానికి ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెబుతాను" అనండి. ఒకసారి విషయం బయటపడ్డాక ఐదుగురు ఐదుసార్లు అడిగితే పిల్ల నోరు మూసుకుంటుంది, లేదా కథ కొద్దికొద్దిగా మారుతుంది. మీ ప్రాంతంలో పిల్లల రక్షణ చూసే అధికారులకు ఆ ఒక్క రాతతోనే కబురు చేయండి.

చచ్చిపోవాలన్న ఆలోచన ఉందేమోనని అనుమానమొస్తే నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉందని చెబితే అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇంట్లో మందులు, పురుగుమందులు, పదునైన వస్తువులు అందకుండా చేయాలి, పిల్లను ఒంటరిగా వదలకూడదు.

రెండో పని: రాసి గమనించడం

సంఘటన జరిగిన తొలి రోజుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి "జరిగిందంతా చెప్పేస్తే బరువు దిగిపోతుంది" అని బలవంతంగా చెప్పించకండి. ఒక్క సిటింగ్‌లో అంతా తవ్వితీసే పద్ధతి మేలు చేయదని తేలి చాలాకాలమైంది. చుట్టూ ఏం ప్రమాదముందో చూడటం, చెప్పింది వినడం, సాయం చేసేవాళ్ళతో కలపడం, ఈ మూడు చాలు. తిండి, నిద్ర, బడి వేళలు తప్పకుండా నడిస్తే చాలామంది పిల్లలు తొలి కొన్ని నెలల్లోనే తేరుకుంటారు. లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ గురించి ఆలోచించాలి.

ఆ లోపల ఒక నోటుపుస్తకం పెట్టి 2 వారాలు రాయండి. ఎన్నింటికి పడుకుంది, ఎన్నిసార్లు లేచింది, పగలు దేనికి ఉలిక్కిపడింది, ఆ ఉలికిపాటుకు ఒక్క నిమిషం ముందు ఏం జరిగింది. చివరి గడి అన్నిటికంటే ముఖ్యం, అందరూ మరిచిపోయేదీ అదే. తలుపు గట్టిగా పడటం, ఫలానా వాసన, మగగొంతు పెరగడం, ఇలా దేన్ని చూసి భయం లేస్తోందో 10 రోజుల రాతలో బయటపడుతుంది. నిద్ర సరిపోతోందా అన్నదానికి లెక్కలున్నాయి: 6 నుంచి 12 ఏళ్ళవాళ్ళకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళకు 8 నుంచి 10 గంటలు.

వయసునుబట్టి బాధ వేషం మారుస్తుంది. ఆరేళ్ళ లోపువాళ్ళు చూసిన కొట్లాటనే బొమ్మలతో మళ్ళీ మళ్ళీ ఆడతారు, మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలవుతుంది, కొంగు వదలరు. బడి ఈడువాళ్ళకు కడుపునొప్పి, తలనొప్పి. టీనేజీలో మొద్దుబారిపోవడం, తెగింపు, మత్తు, చేతులు కోసుకోవడం దాకా వెళ్ళొచ్చు. ఏ గొడవా చేయకుండా, అన్ని పనుల్లో సాయం చేస్తూ, ఎప్పుడూ అమ్మ ముఖం కనిపెట్టుకుని ఉండే "బంగారు తల్లి" కూడా ఈ జాబితాలోదే. అలాంటి పిల్లను ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళరు.

8 ఏళ్ళు దాటి చదవగలిగిన పిల్లలకు క్రైస్-8 అనే 8 ప్రశ్నల పత్రం ఉంది. గడిచిన 7 రోజుల గురించి అడుగుతుంది. ఒక్కో జవాబుకు 0, 1, 3, 5లలో ఒక అంకె వేస్తారు. మొత్తం 17 గానీ ఆ పైన గానీ వస్తే నిపుణుడికి చూపించాలి. మామూలు ప్రవర్తన, భావాలు, స్నేహాలు చూడటానికి 25 ప్రశ్నల ఎస్‌డీక్యూ ఉంది, ఇందులో తల్లిదండ్రులకూ టీచర్లకూ వేర్వేరు పత్రాలుంటాయి. ఇద్దరిచేతా పూరించండి. ఇంట్లో అణిగి ఉండే పిల్లాడు బడిలో పేలడం మామూలు, ఒక్క పత్రం చూస్తే సగమే కనిపిస్తుంది. ఇవి జల్లెడ మాత్రమే, రోగనిర్ధారణ మాత్రం నిపుణుడే చేయాలి.

ఒక పొరపాటు పదేపదే జరుగుతుంది కాబట్టి కొంచెం ఆగి చెప్పాలి. హింస చూసిన పిల్లాడికి ఉన్నది ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఉండే సమస్య) అనుకోవడం. ఏడీహెచ్‌డీలో వంశపారంపర్య వాటా 70 నుంచి 80 శాతం దాకా ఉంటుంది, అందుకే "ఇది పుట్టుకతోనే వచ్చింది" అని తేల్చేయడం సులువు. తరగతిలో ఇద్దరు పిల్లలు కుదురుగా కూర్చోవట్లేదు అనుకోండి. వెనక బెంచీ ధడాలున పడింది. ఒకడు అటు తిరిగి నవ్వి, ఆ తర్వాత కిటికీలో పిట్టను చూసి, అక్కణ్ణుంచి పక్కవాడి పెన్సిలు మీదకు పోయాడు. రెండోవాడి భుజాలు పైకి లేచాయి, కళ్ళు ముందు తలుపు వైపు, తర్వాత టీచరు చేతుల వైపు వెళ్ళాయి, ఐదు నిమిషాలైనా పాఠంలోకి రాలేదు. మొదటివాడి చూపు ఎటు పడితే అటు పోతుంది. రెండోవాడి చూపు ఒకే పని మీద ఉంది, ప్రమాదం ఎక్కడుందో కనిపెట్టే పని. ఎప్పుడు మొదలైందని అడిగితే మొదటివాడి గురించి "నడక వచ్చినప్పటినుంచీ ఇంతే" అంటారు, రెండోవాడి విషయంలో ఫలానా ఏడాది నుంచి అని ఒక తేదీ దొరుకుతుంది. రెండూ ఒకే పిల్లాడికి ఉండటమూ జరుగుతుంది, అప్పుడు రెండింటికీ వైద్యం కావాలి.

మూడో పని: కుటుంబ చరిత్ర గీయడం

జన్యువుల వంతు ఇక్కడ వస్తుంది. కాగితం అడ్డంగా పెట్టండి. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వలయం. పిల్లాణ్ణి అడుగున వేసి బాణం గుర్తు పెట్టండి. పై వరసలో అమ్మానాన్నలు, వాళ్ళ తోబుట్టువులు, ఆపై వరసలో తాత, అమ్మమ్మ, నాయనమ్మ. మూడు తరాలు చాలు. చనిపోయినవాళ్ళ మీద అడ్డగీత. అమ్మానాన్నలు రక్తసంబంధీకులైతే మధ్య రెండు గీతలు. జబ్బుంటే గుర్తును నింపి, పక్కన ఎన్నో ఏట మొదలైందో రాయాలి.

"మీ ఇంట్లో మానసిక జబ్బులున్నాయా?" అని అడిగితే చాలామంది లేవంటారు. ప్రశ్న మార్చండి. రోజుల తరబడి గదిలోంచి బయటికి రానివాళ్ళున్నారా? నిద్ర లేకుండా వారం రోజులు విపరీతమైన హుషారుతో డబ్బు తగలేసినవాళ్ళు? ఎవరికీ వినిపించని గొంతులు విన్నవాళ్ళు? తాగుడు మానలేకపోయినవాళ్ళు? ఆత్మహత్య, లేదా "ప్రమాదం" అని చెప్పుకునే అనుమానాస్పద మరణం? చిన్న వయసులో ఉన్నట్టుండి గుండె ఆగి పోయినవాళ్ళు? మాటలు, చదువు బాగా ఆలస్యమైన పిల్లలు?

ఇవన్నీ ఎందుకంటే ఒక్కో జవాబు ఒక్కో నిర్ణయాన్ని మారుస్తుంది. విపరీతమైన హుషారు చరిత్ర బైపోలార్ (హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) వైపు చూపిస్తుంది, అది తెలియకుండా డిప్రెషన్ మందు మొదలుపెడితే పిల్ల ఉన్మాద స్థితిలోకి జారే ప్రమాదముంది. ఉన్నట్టుండి గుండె ఆగిన చరిత్ర ఉంటే ఏడీహెచ్‌డీకి ఇచ్చే ఉత్తేజక మందులకు ముందు గుండె పరీక్ష కావాలి. ఆత్మహత్య చరిత్ర ఉంటే నిఘా పెంచాలి. తల్లికో తండ్రికో డిప్రెషన్ ఉంటే బిడ్డకు అవకాశం ఇంచుమించు 3 రెట్లు. ఒకరికి స్కిజోఫ్రెనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోని నమ్మకాలు ఉండే తీవ్రమైన జబ్బు) ఉంటే బిడ్డకు 10 శాతం ప్రాంతంలో ఉంటుంది, మామూలుగానైతే 1 శాతానికి దగ్గర. 10 అన్నది 1 కంటే చాలా ఎక్కువే, అయినా వందలో 90 మంది పిల్లలకు రాదన్నది కూడా అదే అంకె చెబుతోంది. రెండు వైపులా కలిపి చెప్పండి.

ఈ పటం చదవడంలో ఒక ఉచ్చు ఉంది. కొట్టే తండ్రి తన జన్యువుల్లో సగం ఇస్తాడు, భయపెట్టే ఇంటినీ తనే ఇస్తాడు. రెండూ ఒకే చేతిమీదుగా వస్తాయి కాబట్టి పటం చూసి దేనివల్ల ఏమైందో విడదీయడం కుదరదు. "మూడు తరాలుగా మగాళ్ళంతా కోపిష్ఠులే, చూశారా" అని ఎవరైనా గీతలు చూపిస్తే, ఆ మూడు తరాల మగపిల్లలంతా దెబ్బలు తింటూ పెరిగారన్న సంగతి కూడా ఆ గీతల్లోనే ఉందని చూపించండి. ఇంకో వాదన వినిపిస్తుంది: "వాడి అల్లరి అలాంటిది, ఎవరికైనా చెయ్యి లేస్తుంది." ఇందాక చెప్పిన ఇంగ్లండ్, వేల్స్ కవలల మీదే దీన్ని పరీక్షించారు. పిల్లల పుట్టుక స్వభావానికీ చిన్నపాటి దండనకూ కొంత సంబంధం కనిపించింది. గాయపరిచే హింస దగ్గరికి వచ్చేసరికి ఆ సంబంధం కనిపించలేదు. అక్కడ కారణం పిల్లాడి జన్యువుల్లో లేదు, కొట్టే మనిషిలో, ఆ ఇంటి పరిస్థితుల్లో ఉంది.

జన్యు పరీక్ష ఎప్పుడు, ఎప్పుడు వద్దు

హింస చూశాడన్న కారణంతో ఏ పిల్లాడికీ జన్యు పరీక్ష అక్కర్లేదు. వైద్యం మారదు కాబట్టి పరీక్షతో పని లేదు. నివేదికలో ఎంఏఓఏ, సెరొటోనిన్ జన్యువుల పేర్లు ఉండి పక్కన "దూకుడు: ఎక్కువ", "ఒత్తిడి తట్టుకునే శక్తి: తక్కువ" అని రంగు గీతలు కనిపిస్తే, దాన్ని పిల్లాడి ఫైల్లో పెట్టకండి. బడికి అసలే ఇవ్వకండి. వేల తేడాల్ని కూడి ఇచ్చే పాలిజెనిక్ స్కోరు శాస్త్రపరంగా మెరుగైనదే, కానీ అది గుంపుల మధ్య తేడా చూపడానికి పనికొస్తుంది, ఎదురుగా కూర్చున్న ఒక్క పిల్ల గురించి ఉపయోగపడేంత చెప్పలేదు. పైగా ఇప్పటిదాకా ఎక్కువగా ఐరోపా మూలాలవారి సమాచారంతో తయారైనవి కావడంతో మిగతావాళ్ళలో ఇంకా బలహీనపడతాయి. క్రోమోజోముల కొసల్లో తొడుగుల్లా ఉండే టెలోమియర్ల పరీక్షా అంతే. ఇంగ్లండ్, వేల్స్ కవలల్లో 236 మందిని 5, 10 ఏళ్ళప్పుడు కొలిస్తే రెండు అంతకుమించి రకాల హింసకు గురైనవాళ్ళలో అవి త్వరగా అరిగినట్టు కనిపించింది. అది పరిశోధనకు విలువైన సంగతే. మీ అబ్బాయి టెలోమియర్ ఎంతుందో తెలిసి మీరు చేయగలిగేది మాత్రం ఏమీ లేదు.

పరీక్ష నిజంగా అవసరమయ్యే సందర్భాలు వేరు. మాట, నడక, తెలివి ఎదుగుదల బాగా ఆలస్యమైనా, ఆటిజం ఉన్నా, ముఖం, గుండె, అంగిలి వంటివాటిలో పుట్టుకతో తేడాలున్నా క్రోమోజోముల్లో లోపించిన, అదనంగా ఉన్న ముక్కల్ని వెదికే మైక్రోఅర్రే పరీక్ష, ఎదుగుదలను ఆలస్యం చేసే ఒక జన్యులోపాన్ని వెదికే ఫ్రాజైల్ ఎక్స్ పరీక్షల గురించి డాక్టరును అడగాలి. ఉదాహరణకు 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించే 22క్యూ11.2 పరిస్థితిలో పెద్దయ్యాక నలుగురిలో ఒకరికి స్కిజోఫ్రెనియా వస్తుంది. అది ముందే తెలియడం వల్ల చూపు పెట్టి ఉంచగలుగుతారు. హింస చూసిన పిల్లాడికి ఇలాంటిది ఉండకూడదని ఎక్కడా లేదు. అన్నిటినీ హింస ఖాతాలో రాసేస్తే ఇవి జారిపోతాయి. మందులు ఒంట్లో ఎంత వేగంగా కరుగుతాయో చెప్పే సీవైపీ2డీ6, సీవైపీ2సీ19 జన్యువుల పరీక్ష, కొన్ని మందులకు విపరీతమైన దుష్ఫలితాలు వచ్చినప్పుడు మోతాదు సర్దడానికి సాయపడొచ్చు. ఏ జబ్బు ఉందో అది చెప్పదు.

పరీక్షకు సంతకం పెట్టే ముందు నాలుగు అడగండి: ఫలితం ఇలా వస్తే ఏం మారుస్తారు, అలా వస్తే ఏం మారుస్తారు, నమూనా ఎవరి దగ్గర ఎన్నాళ్ళుంటుంది, పెద్దయ్యాక పిల్ల చెరిపేయమంటే చెరుపుతారా. మొదటి రెండింటికీ ఒకటే జవాబు వస్తే లేచి వచ్చేయండి.

నాలుగో పని: పనిచేసే వైద్యం

జన్యువులు ఏవైనా, అన్నిటికంటే గట్టి ఆధారమున్న మార్గాల్లో ముందుండేది, గాయం మీద దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్నీ ప్రవర్తననూ మాటలతో సరిదిద్దే చికిత్స). 3 నుంచి 18 ఏళ్ళవాళ్ళకు చేస్తారు. మామూలుగా 12 నుంచి 16 సిటింగులు, చిక్కు ఎక్కువుంటే 25 దాకా. ఒక్కోటి 60 నుంచి 90 నిమిషాలు, అందులో కొంత పిల్లతో, కొంత హింసకు పాల్పడని తల్లితోనో తండ్రితోనో. మొదటి వారాల్లో ఏం జరుగుతోందో అర్థమయ్యేలా చెప్పడం, ఊపిరి మీద పట్టు, భావాలకు పేర్లు పెట్టడం, పెద్దవాళ్ళకు పెంపకం మెలకువలు. ఆ తర్వాత పిల్ల తన కథను కొద్దికొద్దిగా, తట్టుకోగలిగినంత మేర చెబుతుంది, రాస్తుంది, బొమ్మ వేస్తుంది. చివర అది ఇంట్లో నమ్మకమున్న పెద్దతో పంచుకోవడం, ముందుముందు క్షేమంగా ఉండే పథకం.

ఎక్కడ తేడా కొడుతుందంటే, కథ చెప్పే దశ దగ్గర. నాలుగో ఐదో సిటింగ్ తర్వాత పీడకలలు కొన్నాళ్ళు పెరగొచ్చు. అది చూసి "ఇది పుండు మీద కారం చల్లినట్టుంది" అని ఇంట్లోవాళ్ళు మాన్పించేస్తారు. ఇలా జరగొచ్చని మొదటిరోజే చెప్పించుకోండి. ఇంకో తప్పు థెరపిస్టు వైపు నుంచి వస్తుంది. పిల్ల ఏడుస్తుందన్న భయంతో ఊపిరి సాధన దగ్గరే పది వారాలు తిప్పి, అసలు కథలోకి వెళ్ళరు. ఎనిమిదో సిటింగ్ వచ్చినా సంఘటన ఊసు ఎత్తకపోతే కారణం అడగండి. థెరపీ మొదట్లోనూ, మధ్యలోనూ, చివర్లోనూ క్రైస్-8 పెట్టిస్తే తగ్గుతోందో లేదో అంకెల్లో కనబడుతుంది.

మందులు మొదటి వరసలోకి రావు. పిల్లల్లో పీటీఎస్‌డీకి మందులు ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ 2018 మార్గదర్శకం చెబుతుంది. ఒత్తిడి లక్షణాలకు పిల్లలకు బెంజోడయాజెపైన్లు (ఆందోళన తగ్గించి నిద్ర తెప్పించే మందులు) వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. తీవ్రమైన డిప్రెషన్ కూడా ఉండి డాక్టరు మందు రాస్తే, మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనల కోసం దగ్గరుండి గమనించాలి, అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ ఈ హెచ్చరికను 2004 నుంచి ఆ మందులకు తప్పనిసరి చేసింది. దెబ్బలు తిన్న తల్లికి వైద్యం చేయించడం కూడా పిల్ల వైద్యంలో భాగమే. వంశపారంపర్యంగా ముప్పు ఎక్కువున్న పిల్లకు ఇది మరీ అవసరం, ఎందుకంటే జన్యువుల వైపు మార్చలేం, ఇంటి వైపు మార్చగలం.

పిల్ల అడిగినప్పుడు

"నేను కూడా నాన్నలా అవుతానా?" ఈ ప్రశ్న వస్తుంది. తరచుగా ఎవరినో కొట్టిన రోజు రాత్రి, లైటు ఆర్పేశాక వస్తుంది. "ఛ, అలాంటి మాటలనకు" అని నోరు మూయిస్తే, అవును అనే జవాబు వచ్చినట్టు వాళ్ళకు అర్థమవుతుంది. 7, 8 ఏళ్ళవాడికి ఇలా చెప్పొచ్చు: "నీ ముక్కు నాన్నలా ఉంది, నా నవ్వు నీకొచ్చింది. కొట్టడం ముక్కులాగా పుట్టుకతో రాదు. నీకు కోపం త్వరగా వస్తుంది, అది నిజమే. కోపం వచ్చినప్పుడు చేతులు ఏం చేయాలో మనం నేర్చుకుంటున్నాం కదా." టీనేజీ పిల్లకైతే అంకెలే ఇవ్వండి, పైన పటం గీసిన కాగితం ముందు పెట్టి. ముప్పు కొంచెం ఎక్కువున్నచోట ఎక్కువనే చెప్పండి, దాంతోపాటు తాగుడుకు దూరంగా ఉండటం, నిద్ర చెడితే చెప్పడం వంటివి తనకు మిగతావాళ్ళకంటే ఎందుకు ముఖ్యమో కూడా.

"అచ్చం వాళ్ళ నాన్నే" అన్న మాట ఇంట్లో, స్టాఫ్‌రూములో వాడకండి, మెచ్చుకోలుగా కూడా. చేసిన పనికి పేరు పెట్టండి: "నువ్వు వాణ్ణి నెట్టావు." తొమ్మిదేళ్ళప్పుడు అడిగిన ప్రశ్నే పదిహేనేళ్ళప్పుడు, తనకు బిడ్డ పుట్టబోయేముందు మళ్ళీ అడుగుతుంది. ప్రతిసారీ ఆ వయసుకు తగ్గట్టు జవాబు కొత్తగా చెప్పాల్సి ఉంటుంది కాబట్టి, ఆ కుటుంబ పటాన్ని పారేయకుండా దాచి ఉంచండి.